మిల్‌తోర్ప్ పల్లెలో ఇద్దరు మగవాళ్ళ కాపురం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఉంటాను. ఎండ కాసిన ఆదివారాల్లో తెలిసినవాళ్ళను వెంటబెట్టుకుని దక్షిణాన ఉన్న మిల్‌తోర్ప్ దాకా నడిచి వెళ్తుంటాను. వచ్చేవాళ్ళలో తెలుగువాళ్ళే ఎక్కువ. దారిలో ప్రతిసారీ అవే ప్రశ్నలు, "ఇక్కడా? ఈ గొర్రెల మధ్యా?" అన్న ఆశ్చర్యం కూడా ప్రతిసారీ అదే. గే మనుషుల చరిత్ర అంటే లండన్ వీధులు, క్లబ్బులు, ఊరేగింపులు అనుకుంటాం. పల్లెకి ఆ చరిత్రలో చోటు లేదనుకుంటాం. మా తమ్ముడు గే. "మన ఊళ్ళో నాలాంటివాళ్ళు ముందెప్పుడూ లేరా అక్కా" అని ఒకసారి అడిగాడు. మన ఊరి సంగతి నేను చెప్పలేకపోయాను. ఈ ఊరి సంగతి, ఇక్కడ కలిసి బతికిన ఎడ్వర్డ్ కార్పెంటర్, జార్జ్ మెరిల్‌ల సంగతి మాత్రం చెప్పగలను. అందుకే ఇదంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

మిల్‌తోర్ప్ ఎక్కడుంది?

ఇంగ్లండ్ నడిబొడ్డున, డార్బీషైర్ కౌంటీలో. కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి. దాని లోపలి భాగాన్ని డిస్ట్రిక్ట్ అంటారు, కానీ అది మన జిల్లాకి కాదు, మండలానికో రెవెన్యూ డివిజన్‌కో దగ్గర. పేరు చూసి తికమకపడొద్దు. నార్త్ ఈస్ట్ డార్బీషైర్ అనే ఈ డిస్ట్రిక్ట్ 1974లో ఏర్పడింది. చెస్టర్‌ఫీల్డ్ పట్టణాన్ని చుట్టుకుని ఉంటుంది, జనాభా లక్ష చిల్లర. ఒకవైపు పాత బొగ్గు గనుల ఊళ్ళు, ఇంకోవైపు బీడు కొండలు. ఆ కొండల వైపు, హోమ్స్‌ఫీల్డ్ ఊరు దిగితే వచ్చే కార్డ్‌వెల్ లోయలో, వాగు పక్కన కాసిని ఇళ్ళున్న పల్లె మిల్‌తోర్ప్.

ఎడ్వర్డ్ కార్పెంటర్ ఎవరు?

1844లో సముద్రతీరాన హోవ్‌లో, బాగా కలిగిన కుటుంబంలో పుట్టాడు. కేంబ్రిడ్జిలో చదివాడు. అక్కడే చర్చిలో పాస్టరుగా చేరాడు. కొన్నేళ్ళకి ఆ పని తన మనసుకి పట్టడం లేదని తెలుసుకుని 1874లో వదిలేశాడు. తర్వాత ఉత్తరాది పారిశ్రామిక పట్టణాల్లో ఊరూరా తిరుగుతూ, కాలేజీ మెట్లెక్కే వీల్లేని జనానికి ఖగోళశాస్త్రం, సంగీత చరిత్ర పాఠాలు చెప్పాడు. షెఫీల్డ్‌కి అలా వచ్చినవాడే. అమెరికా కవి వాల్ట్ విట్మన్ కవిత్వం ఆయన్ని కుదిపేసింది. ఆ కవిని చూడడానికి 1877లో ఒకసారి, 1884లో మరోసారి అట్లాంటిక్ దాటి వెళ్ళాడు.

సోషలిస్టు, కవి, శాకాహారి. షెఫీల్డ్ పొగ మీద, జంతువులను కోసి చేసే ప్రయోగాల మీద, ఆడవాళ్ళ హక్కుల మీద గొంతెత్తినవాడు. అన్నిటికీ మించి, మగవాడు మగవాణ్ణి ప్రేమించడం జబ్బూ కాదు, నేరమూ కాదు అని ఇంగ్లీషులో తన పేరు పెట్టి రాసిన తొలి మనుషుల్లో ఒకడు.

అంత చదువుకున్నవాడు ఈ పల్లెకి ఎందుకొచ్చాడు?

పాఠాలు వినడానికి వచ్చినవాళ్ళలో ఆల్బర్ట్ ఫెర్నీహో అని ఒకాయన ఉండేవాడు. గడ్డికోత కొడవళ్ళు తయారుచేసే కార్మికుడు. కార్పెంటర్ ఆయన కుటుంబంతో పాటు షెఫీల్డ్ శివారులో బ్రాడ్‌వే అనే చోట కాపురం పెట్టాడు. 1881లో అక్కడి తోటలో చెక్కలతో కాపలావాడి గూడు లాంటి చిన్న పెట్టె కట్టుకుని, అందులో కూర్చుని తన పెద్ద కవితాగ్రంథం 'టువర్డ్స్ డెమోక్రసీ' రాశాడు. మంచె మీద కూర్చుని చేను కాసేవాడు రాసుకున్నట్టు ఉంటుంది నాకు ఆ ఊహ.

1882లో తండ్రి పోయాడు. చేతికొచ్చిన ఆస్తితో మిల్‌తోర్ప్‌లో సుమారు ఏడెకరాలు కొని, ఇల్లు కట్టుకుని, 1883లో అక్కడికి మారాడు. ఫెర్నీహో కుటుంబం కూడా వెంట వచ్చింది. కూరగాయలు, పళ్ళు, పూలు పండించి చెస్టర్‌ఫీల్డ్, షెఫీల్డ్ సంతల్లో అమ్మేవారు. సంతలో బండి పక్కన నిలబడి అమ్మింది ఒక కేంబ్రిడ్జి మాజీ అధ్యాపకుడు! సరదాకి కొన్నాళ్ళు చేసి వదిలేసిన పని కాదది, ఏళ్ళ తరబడి చేశాడు.

పల్లెకి రావడంలో దాక్కోవాలన్న ఆలోచన ఎంత, మట్టి మీద ప్రేమ ఎంత అని నన్ను అడిగితే, రెండో దానికే నా ఓటు. దాక్కోవాలంటే లండన్‌లోనే సుఖం, అక్కడ పక్కింటివాడి పేరు ఎవరికీ తెలియదు. పల్లెలో మీ ఇంటి పొయ్యి ఎప్పుడు రాజుకుందో కూడా ఊరికి తెలుస్తుంది.

జార్జ్ మెరిల్ సంగతి చెప్పండి.

ఈ ప్రశ్న అడిగినవాళ్ళంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. చాలామంది కార్పెంటర్ దగ్గరే ఆగిపోతారు.

మెరిల్ షెఫీల్డ్ మురికివాడలో పెరిగాడు. కార్పెంటర్ కంటే ఇరవై ఏళ్ళకు పైగా చిన్నవాడు. పెద్దగా చదువు లేదు. దొరికిన చిన్నాచితకా పనులన్నీ చేశాడు. కార్పెంటర్ భారతదేశం నుంచి తిరిగొచ్చాక, 1891 ప్రాంతంలో, రైలు పెట్టెలో ఇద్దరి చూపులూ కలిశాయి. అప్పుడు మొదలైంది. ఏడేళ్ళు అలా వస్తూ పోతూ గడిచింది.

1898 ఫిబ్రవరి. ఫెర్నీహోల తర్వాత ఆ ఇంట్లో ఉన్న ఆడమ్స్ కుటుంబం ఖాళీ చేసిన రోజునే మెరిల్ వచ్చాడు. తన సామానంతా ఒక తోపుడుబండిలో వేసుకుని, ఇద్దరు కుర్రాళ్ళు సాయం పట్టగా, మంచు తుఫానులో కొండల మీదుగా తోసుకుంటూ వచ్చాడని కార్పెంటర్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. మన దగ్గర కొత్త కాపురానికి సారె బండి వస్తుంది చూడండి, నాకు అదే గుర్తొస్తుంది. ఈ బండి వెనక మేళం లేదు, ఎదురొచ్చి హారతి పట్టేవాళ్ళు లేరు. పైగా స్నేహితులు చాలామంది వద్దన్నారు. ఇద్దరు మగవాళ్ళు ఒకే ఇంట్లో, మధ్యలో ఒక ఆడమనిషి పేరైనా లేకుండా ఉంటే లోకం ఏమంటుంది అని భయపెట్టారు. వీళ్ళిద్దరూ ముప్ఫై ఏళ్ళు కలిసే ఉన్నారు.

ఇంటి పని మొత్తం మెరిల్‌దే. వంట, బట్టలు, ఊడవడం, గదిలో పూలు పెట్టడం. పాటలు బాగా పాడేవాడు. మెరిల్ గురించి చెప్పుకునే రెండు మాటలున్నాయి. ఒకసారి మతప్రచారకుడు తలుపు తట్టి కరపత్రం చేతికిచ్చి, స్వర్గానికి వెళ్ళాలని లేదా అని అడిగాడట. మేం ఉన్నది స్వర్గంలోనే, కనిపించడం లేదా, ఇంతకంటే మంచిది మాకక్కర్లేదు, వెళ్ళిరండి అన్నాడట మెరిల్. ఇంకోసారి, ఏసుక్రీస్తు చివరి రాత్రి గెత్సేమనే తోటలో గడిపాడని ఎవరో చెబుతుంటే, "ఎవరితో?" అని అమాయకంగా అడిగాడట.

కానీ ఒక మాట ఒప్పుకోవాలి. ఇల్లు కార్పెంటర్‌ది, డబ్బు కార్పెంటర్‌ది, పేరు కార్పెంటర్‌ది. బయటి లోకానికి మెరిల్ ఆ ఇంటి పనివాడు. ఆ ముసుగే ఇద్దర్నీ కాపాడింది కూడా. వచ్చిన గొప్పవాళ్ళలో కొందరు మెరిల్‌ని చిన్నచూపు చూశారు. పుస్తకాలు రాసింది కార్పెంటర్ కాబట్టి కథ ఆయన గొంతుతోనే మనకి వినిపిస్తుంది. రోజూ అన్నం వండిపెట్టినవాడి గొంతు ఆ పుస్తకాల సందుల్లోంచి వినుకోవాలి.

అంతకుముందు కార్పెంటర్ ఎవరినీ ప్రేమించలేదా?

ప్రేమించాడు. జార్జ్ హ్యూకిన్ అని షెఫీల్డ్‌లో మంగలి కత్తులకు సాన పట్టే యువకుడు. 1886లో సోషలిస్టు సభల్లో పరిచయం. మరుసటేడు హ్యూకిన్ ఫ్యానీ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. కార్పెంటర్ కుమిలిపోయాడు, అయినా హ్యూకిన్‌తో స్నేహం చివరిదాకా నిలిచింది. వాళ్ళ ఉత్తరాలు కొన్ని నేటికీ ఉన్నాయి. సానరాయి దగ్గర రోజంతా వంగి పనిచేసే మనిషి అంత సున్నితంగా రాయగలడా అనిపిస్తుంది చదివితే.

అప్పట్లో చట్టం ఏమనేది?

1533లో, ఎనిమిదో హెన్రీ కాలంలో వచ్చిన చట్టం మగవాళ్ళ మధ్య సంభోగానికి మరణశిక్ష పెట్టింది. ఈ నేరం మీద చివరిసారి ఉరితీసింది 1835 నవంబరులో, లండన్ న్యూగేట్ జైలు ముందు. జేమ్స్ ప్రాట్, జాన్ స్మిత్ అనే ఇద్దరిని. 1861లో మరణశిక్ష పోయి దీర్ఘకాలం జైలు వచ్చింది.

కార్పెంటర్ తరాన్ని పీడించింది మాత్రం 1885 చట్టం. నిజానికి అది ఆడపిల్లల రక్షణకని తెచ్చిన బిల్లు. హెన్రీ లబూషేర్ అనే ఎంపీ అర్ధరాత్రి వేళ దానికి ఒక సవరణ తగిలించాడు. మగవాళ్ళ మధ్య "అసభ్యమైన" పని ఏదైనా సరే, నాలుగు గోడల మధ్య జరిగినా సరే, రెండేళ్ళ దాకా జైలు, కావాలంటే కఠిన శిక్ష. ఏది అసభ్యమో చట్టం చెప్పలేదు. బెదిరించి డబ్బు గుంజేవాళ్ళకి పండగైంది. 1895 మే నెలలో రచయిత ఆస్కార్ వైల్డ్ జైలుకెళ్ళింది ఈ చట్టం కిందే.

మన 377వ సెక్షన్ 1885 చట్టానికి పిల్ల కాదు, అంతకంటే పాతది. 1860లో తెల్లవాళ్ళు రాసిన శిక్షాస్మృతిలోది, దాని వేరు 1533లో ఉంది. ఇంగ్లండ్, వేల్స్ 1967లో పాక్షికంగా వదులుకున్న ఆలోచనని మనం 2018 సెప్టెంబరు 6 దాకా మోశాం. ఆ రోజు సుప్రీంకోర్టు తీర్పు చదువుతుంటే మా తమ్ముడు ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా చాలాసేపు లైన్లో ఉన్నాడు.

మరి కార్పెంటర్‌ని ఎందుకు జైల్లో వేయలేదు?

ఆయన మీద ఎన్నడూ కేసు పెట్టలేదు. ఒక్క కారణం కాదు, మూడు కలిశాయి. ఒకటి, రాతలో ఆయన జాగ్రత్త. ప్రేమ గురించి, స్నేహం గురించి, పాత గ్రీకుల గురించి, ఏయే జాతుల్లో ఏయే ఆచారాలున్నాయో వాటి గురించి రాశాడు. మంచం గురించి రాయలేదు. రెండు, ఆయన తరగతి. పెద్ద కుటుంబం, కేంబ్రిడ్జి చదువు, పలుకుబడి గల స్నేహితులు. ఇదే పని మెరిల్ ఒంటరిగా షెఫీల్డ్ సందుల్లో చేసి పట్టుబడితే ఎవరు ఆదుకునేవారు? మూడు, ఊరు. బూట్లు చేసేవాడూ గడ్డి కోసేవాడూ ఆ ఇంట్లో టీ తాగినవాళ్ళే. ఎదురుగా కోర్టులో నిలబడి సాక్ష్యం చెప్పే మనిషి కావాలి కదా.

అయితే ఊరివాళ్ళంతా మంచివాళ్ళేనా? ఎవరూ ఏమీ అనలేదా?

అన్నారు. 1909లో దగ్గర్లోని డ్రాన్‌ఫీల్డ్‌కి చెందిన ఎం. డి. ఓబ్రయన్ అనే ఆయన కార్పెంటర్ మీద ఒక కరపత్రం అచ్చేయించాడు. సోషలిజానికీ ఈ "పాపానికీ" ముడిపెట్టి, పేరుపెట్టి రాసి, చుట్టుపక్కల పంచాడు. మంటపెట్టాలని చూశాడు. అప్పటికి కార్పెంటర్‌కి అరవై అయిదేళ్ళు. ఆ వయసులో పొద్దున లేచి గేటు దగ్గరికి వెళ్తే ఎదురయ్యేవాడు దాన్ని చదివాడా లేదా అని మొహం చూసి పోల్చుకోవాల్సి రావడం ఎలా ఉంటుందో, చిన్న ఊళ్ళో పుట్టినవాళ్ళకి నేను వివరించక్కర్లేదు.

ఇల్లు వదిలి పారిపోలేదు. ఇంకా పదమూడేళ్ళు అక్కడే ఉన్నారు. ఊరంతా వాళ్ళని అర్థం చేసుకుందని నేను అనను. కొందరు చూసీ చూడనట్టు ఊరుకున్నారు, కొందరికి నచ్చలేదు, కొందరికి ఆయన వైఖరి కంటే ఆయన కాయించిన కూరగాయలే ముఖ్యం. ఏ ఊళ్ళోనైనా అంతే.

ఆయన ఏం రాశాడు? పుస్తకాలు దొరకడం అంత కష్టమైందా?

1894లో స్వలింగ ప్రేమ మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. దానికాయన వాడిన మాట 'హోమోజెనిక్ లవ్'. మాంచెస్టర్ లేబర్ ప్రెస్‌లో అచ్చు వేయించి, అంగట్లో అమ్మకుండా తెలిసినవాళ్ళకే పంచాడు. కొన్ని నెలలకే వైల్డ్ కేసు. దేశమంతా ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ఆడామగా సంబంధాల మీద కార్పెంటర్ రాసిన 'లవ్స్ కమింగ్ ఆఫ్ ఏజ్' వేస్తానన్న లండన్ ప్రచురణకర్త ఫిషర్ అన్‌విన్ వెనక్కి తగ్గాడు. అప్పటిదాకా వేస్తున్న కవిత్వాన్ని కూడా వద్దన్నాడు. మళ్ళీ మాంచెస్టర్ కార్మికుల ప్రెస్సే దిక్కయింది. 1896లో ఆ పుస్తకం వచ్చింది, స్వలింగ ప్రేమ అధ్యాయం మాత్రం అందులో లేదు. 1906 ముద్రణలో గానీ దాన్ని చేర్చడానికి కుదరలేదు. 1908లో 'ది ఇంటర్మీడియట్ సెక్స్' విడిగా వచ్చింది.

ఎక్కడో ఒంటరిగా ఉన్న కుర్రవాడి చేతికి ఆ పుస్తకం అందితే ఏమయ్యేదో తెలుసుకోవాలంటే ఆయనకి వచ్చిన ఉత్తరాలు చూడాలి. తర్వాత యుద్ధకవిగా పేరుపడ్డ సీగ్‌ఫ్రీడ్ ససూన్ 1911లో రాశాడు. తన మనసు తనకి అర్థమైంది ఈ పుస్తకంతోనే అని.

చెప్పులకీ ఈ ఇంటికీ ఏమిటి సంబంధం?

ఇది నాకు బాగా ఇష్టమైన భాగం. కార్పెంటర్ స్నేహితుడు హెరాల్డ్ కాక్స్ 1885 నుంచి రెండేళ్ళు అలీగఢ్‌లో, సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ స్థాపించిన కాలేజీలో లెక్కలు చెప్పాడు. ఆ రోజుల్లోనే ఒక జత కాశ్మీరీ చెప్పులు పంపాడు. ఇంగ్లీషువాడు అప్పటిదాకా పొద్దున్నుంచి రాత్రిదాకా బూట్లలోనే. కార్పెంటర్‌కి బూట్లంటే కాళ్ళకి కట్టిన తోలు శవపేటికలు. ఈ చెప్పులు తొడుక్కుని వేళ్ళు కదిలించి చూసుకున్నాడు. ఇక వదల్లేదు. షెఫీల్డ్‌లో ఒక బూట్లు కుట్టేవాడి దగ్గర పని నేర్చుకుని, పాదం గీత గీసి, తోలు కోసి, పట్టీలు కుట్టి స్నేహితులకి తనే చేసిచ్చాడు. తర్వాత ఆ పని జార్జ్ ఆడమ్స్ అందుకున్నాడు. ఆడమ్స్ ఆ తర్వాత లెచ్‌వర్త్ అనే కొత్త తోటనగరానికి వెళ్ళి అక్కడా చెప్పులు చేశాడు. ఇంగ్లండ్‌లో ఆదర్శవాదులంటే చెప్పులేసుకునేవాళ్ళు అన్న మాట పుట్టడానికి ఈ వంటింటి పక్క పని ఒక కారణం.

చెప్పులేసుకుని తిరగడం మనకి పుట్టుకతో వచ్చింది. ఆయన దానికోసం ఒక చిన్న తిరుగుబాటే చేయాల్సి వచ్చింది.

కార్పెంటర్ మన దేశం వచ్చాడా? గాంధీకి తెలుసా?

1890లో సింహళానికీ భారతదేశానికీ వచ్చాడు. కేంబ్రిడ్జి నాటి మిత్రుడు పొన్నంబలం అరుణాచలం పిలిచాడు. అక్కడ ఒక తమిళ జ్ఞాని దగ్గర వేదాంతం విన్నాడు. ఆ ప్రయాణం మీద 1892లో పుస్తకం వేశాడు. ఇక గాంధీ, నాగరికత మీద కార్పెంటర్ రాసిన పుస్తకాన్ని 1909 నాటి 'హింద్ స్వరాజ్'లో ప్రస్తావించాడు, చదవమని చివర జాబితాలో పెట్టాడు. నాగరికత ఒక జబ్బు, అది నయమయ్యేదే అన్న మాట గాంధీ మనసులో నాటుకుంది.

ఈ. ఎం. ఫార్‌స్టర్ రాక గురించి విన్నాం. నిజమేనా?

నిజమే, ఫార్‌స్టరే రాశాడు. 1913లో మిల్‌తోర్ప్‌కి వచ్చాడు. అప్పటికే పేరున్న నవలాకారుడు, లోపల మాత్రం తాళం వేసుకున్న మనిషి. మాటల మధ్యలో మెరిల్ ఆయన నడుం కింద మెల్లగా చెయ్యి వేశాడు. ఆ స్పర్శ వీపులోంచి సూటిగా ఆలోచనల్లోకి వెళ్ళినట్టయిందని ఫార్‌స్టర్ వర్ణించాడు. అక్కణ్ణుంచి వెళ్ళీ వెళ్ళగానే 'మారిస్' నవల మొదలుపెట్టాడు. పెద్దింటి కుర్రవాడూ అడవి కాపలావాడూ ప్రేమించుకుని చివరికి కలిసి బతుకుతారు. అలాంటి కథ విషాదంగా ముగిస్తే అచ్చుకి ఒప్పుకునేవారేమో. సుఖాంతమే కావాలని పట్టుబట్టాడు, కాబట్టి బీరువాలో పెట్టాడు. 1970లో ఆయన పోయాక, 1971లో బయటికొచ్చింది.

ఇక్కడే మన హైదరాబాదు వస్తుంది. ఫార్‌స్టర్ 1906లో పాఠాలు చెప్పిన విద్యార్థి సయ్యద్ రాస్ మసూద్, అలీగఢ్ సర్ సయ్యద్ మనవడు. ఫార్‌స్టర్ అతణ్ణి ప్రేమించాడు, మసూద్‌కి అది స్నేహమే. మసూద్ 1916లో నిజాం రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టరయ్యాడు, ఉస్మానియా యూనివర్సిటీ పుట్టుకలో చెయ్యి ఉన్నవాడు. 1921లో ఫార్‌స్టర్ హైదరాబాదు వచ్చి ఆయనింట్లో ఉన్నాడు. 1924లో వచ్చిన 'ఎ పాసేజ్ టు ఇండియా' మసూద్‌కే అంకితం. అలీగఢ్ మాష్టారు పంపిన ఒక జత చెప్పులు మిల్‌తోర్ప్‌కి, మిల్‌తోర్ప్ నుంచి ఒక నవల ఫార్‌స్టర్ బీరువాలోకి, ఫార్‌స్టర్ అడుగులు హైదరాబాదుకి. ఈ దారి మొత్తం పటం మీద వేలితో గీసుకుంటే నాకెంతో తృప్తి.

ఆడవాళ్ళ సంగతి ఏమిటి? అంతా మగవాళ్ళ కథేనా?

కార్పెంటర్ ఇంటికి దగ్గరగా మెలిగినవాళ్ళలో కేట్ సాల్ట్ ఉంది. శాకాహారం మీద రాసి గాంధీని ప్రభావితం చేసిన హెన్రీ సాల్ట్ భార్య. ఆమె మనసు ఆడవాళ్ళ మీద ఉండేది. ఆ విషయం దాచుకోకుండా చెప్పుకోగలిగింది కార్పెంటర్‌తోనే. రచయిత్రి ఎడిత్ ఎల్లిస్ కూడా అంతే.

చట్టం ఆడవాళ్ళ జోలికి రాలేదు. 1921లో వాళ్ళనీ కలపాలని దిగువసభ ఒప్పుకుంది, ప్రభువుల సభ కొట్టేసింది. ఆడవాళ్ళ మీద దయతో కాదు, అలాంటిదొకటి ఉందని చట్టంలో రాస్తే తెలియనివాళ్ళకి తెలుస్తుందని! నేరం కాకపోవడం వల్ల కోర్టు కాగితాల్లోనూ వాళ్ళు కనబడరు. కనబడాలంటే వాళ్ళే రాసుకుని ఉండాలి.

అలా రాసుకున్న మనిషి పక్క కౌంటీలోనే ఉంది. షెఫీల్డ్‌కి ఉత్తరాన హాలిఫాక్స్ దగ్గర షిబ్డెన్ హాల్ యజమానురాలు యాన్ లిస్టర్. 1791లో పుట్టి 1840లో, జార్జియా దేశంలో ప్రయాణంలో ఉండగా పోయింది. ఆమె డైరీలు దాదాపు 50 లక్షల పదాలు, అందులో ఆరో వంతు గ్రీకు అక్షరాలూ బీజగణిత గుర్తులూ కలిపి తనే అల్లుకున్న రహస్య లిపిలో. తర్వాతి తరం జాన్ లిస్టర్, స్నేహితుడు ఆర్థర్ బరెల్‌తో కలిసి 1890ల్లో ఆ లిపి విప్పాడు. ఒక చిన్న కాగితం ముక్క మీద "దేవునిలోనే నా" అన్న మాటల పక్కన నాలుగు గుర్తులున్నాయి. ఆ నాలుగూ కలిపి 'హోప్', అంటే ఆశ, అయ్యుంటుందని ఊహించారు. అక్కడ పట్టు దొరికింది. తెల్లారేసరికి చదివేశారు. చదివింది ఆడవాళ్ళతో ఆమె ప్రేమ. తగలబెట్టెయ్ అన్నాడు బరెల్. జాన్ లిస్టర్ తగలబెట్టలేదు, గోడ చెక్కల వెనక దాచాడు. ఆ ఒక్క నిర్ణయానికి ఆయనకి దండం పెట్టాలి. 1988లో హెలెనా విట్‌బ్రెడ్ ఆ రహస్య భాగాలను పుస్తకంగా తెచ్చింది.

ట్రాన్స్ మనుషులు?

కార్పెంటర్ 'మధ్యస్థ' (ఇంటర్మీడియట్) మనుషులు అన్న మాటలో ఈనాటి గే, లెస్బియన్, ట్రాన్స్ అందర్నీ ఒకే గంపలో వేశాడు. అప్పటికి మాటలే లేవు. ఒక్కోచోట ఆ రాత ఈరోజు చదివితే ఇబ్బందిగా ఉంటుంది, తూర్పుదేశాల గురించి రాసినప్పుడు మరీ. దాన్ని దాచాల్సిన పనిలేదు.

తెల్లవాళ్ళ పాలన మన దగ్గర హిజ్రాలను ఏం చేసిందో మాత్రం పక్కన పెట్టి చూడండి. 1871 చట్టంతో వాళ్ళని పేర్లు నమోదు చేయించుకునే అనుమానితులని చేశారు. అదే ధోరణిలో నిజాం రాజ్యంలో 1919లో వచ్చిన చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జూలైలో. అంటే నిన్న మొన్న.

నా ఊరి చరిత్రలో ఇలాంటివాళ్ళని వెతకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇక్కడ ఇంగ్లండ్‌లో అయితే జనాభా లెక్కల కాగితాలతో. నూరేళ్ళు దాటాక తెరుస్తారు. 1921వి 2022లో వచ్చాయి. ఒకే ఇంట్లో ముప్ఫై ఏళ్ళు ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు, పేరు పక్కన 'అతిథి', 'అద్దెకుండేవారు', 'సహచరి', 'పనిమనిషి' అని ఉంటే ఒక్క నిమిషం ఆగండి. ఆగి, వెంటనే తీర్పు ఇచ్చేయకండి. నిజంగానే అద్దెకున్నవాళ్ళూ ఉంటారు. పదేళ్ళకోసారి వచ్చిన లెక్కలన్నీ పక్కపక్కన పెట్టి, వీలునామా చూసి, సమాధి రాయి చూసి అప్పుడు మాట్లాడాలి. 1931 నాటి కాగితాలు 1942లో అగ్నిప్రమాదంలో బూడిదయ్యాయి, 1941లో యుద్ధం వల్ల లెక్కలే తీయలేదు. ఆ ఖాళీకి 1939లో యుద్ధానికని తీసిన రిజిస్టరు ఒక్కటే ఆధారం.

రెండోది పాత పేపర్లు, కోర్టు రికార్డులు. అక్కడ స్వలింగ ప్రేమ అన్న మాట ఉండదు, 'అసహజ నేరం', 'అసభ్య ప్రవర్తన' అని ఉంటుంది. అవి చదవడం బాధ. పట్టుబడినవాడి జీవితంలో అత్యంత హీనమైన రోజే రికార్డుకెక్కుతుంది. వాడు తర్వాత ఎవరితో నవ్వాడో, ఏం వండుకు తిన్నాడో ఎక్కదు. మిల్‌తోర్ప్ విలువ నాకు అక్కడే తెలిసింది. ఇక్కడ దొరికేది జైలు కాగితం కాదు, కూరగాయల లెక్కలూ, చెప్పుల కొలతలూ, వచ్చే వారం రమ్మనే ఉత్తరాలూ.

ఆ ఉత్తరాల్లో చాలావరకు షెఫీల్డ్ సిటీ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఎవరైనా వెళ్ళి చదువుకోవచ్చు. ముందుగా చెప్పి వెళ్ళండి, పెన్సిల్ తీసుకెళ్ళండి, పెన్ను వాడనివ్వరు.

1967 తర్వాత పల్లెల్లో అంతా మారిపోయిందా?

1957లో ప్రభుత్వ కమిటీ ఇచ్చిన వుల్ఫెండన్ నివేదిక దీన్ని నేరం కాదనమంది. పదేళ్ళు నాన్చి 1967 జూలైలో చట్టం చేశారు. ఇద్దరికీ 21 నిండాలి, పూర్తిగా ఏకాంతం కావాలి. గోడలు పల్చగా ఉన్న పల్లెటూరి ఇళ్ళలో ఏకాంతం ఎక్కడిది? ఆడామగాకి 16 ఏళ్ళకే ఉన్న హక్కు వీళ్ళకి 2001లో గానీ రాలేదు. 1988లో సెక్షన్ 28 వచ్చి, స్థానిక కౌన్సిళ్ళు స్వలింగ ప్రేమని 'ప్రోత్సహించకూడదు' అంది. ఇంగ్లండ్‌లో అది 2003 దాకా ఉంది. కౌన్సిల్ చేతిలో ఉండేవి ఏవి? బడులు, గ్రంథాలయాలు, మ్యూజియాలు. స్థానిక చరిత్ర చెప్పాల్సినవి సరిగ్గా అవే. పదిహేనేళ్ళు ఆ నోళ్ళకి తాళం పడితే ఒక తరం పిల్లలు తమ ఊరి కథ తెలియకుండానే పెద్దయ్యారు. దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను.

పెళ్ళి హక్కు 2014లో వచ్చింది.

చివరికి ఇద్దరూ ఏమయ్యారు?

1922లో ఇల్లు వదిలి దక్షిణాన సర్రే కౌంటీలోని గిల్‌ఫర్డ్‌కి వెళ్ళారు. 1924లో కార్పెంటర్ ఎనభయ్యో పుట్టినరోజుకి తొలి లేబర్ మంత్రివర్గం సభ్యులు సంతకాలు చేసి అభినందనలు పంపారు. 1928 జనవరిలో మెరిల్ పోయాడు. పెద్దవాడు మిగిలి, చిన్నవాడు ముందు వెళ్ళిపోయాడు. కొన్ని నెలలకే కార్పెంటర్‌కి పక్షవాతం వచ్చింది. 1929 జూన్ 28న కన్నుమూశాడు. గిల్‌ఫర్డ్‌లోని మౌంట్ సిమెట్రీలో ఇద్దరిదీ ఒకే సమాధి.

మిల్‌తోర్ప్ వెళ్ళి ఇల్లు చూడొచ్చా?

ఊరు చూడొచ్చు. ఇల్లు సొంతదారులది, రోడ్డు మీంచి చూసి వచ్చేయండి, తలుపు తట్టకండి. షెఫీల్డ్ నుంచి రైల్లో డ్రాన్‌ఫీల్డ్‌లో దిగి, హోమ్స్‌ఫీల్డ్ మీదుగా లోయలోకి నడవడం నాకు అలవాటు. దిగడం సులువు, తిరిగి ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. పొలాల మధ్య కాలిబాటలున్నాయి, గేటు తీస్తే మళ్ళీ వేయండి, లేకపోతే గొర్రెలు బయటికొస్తాయి. ఫిబ్రవరిలో వెళ్తే గమ్ బూట్లు వేసుకోండి, చెప్పులు పనికిరావు. పైన కొండ గట్టు మీద గాలి చెవులు కోసేస్తుంది. అక్కడ ఒక నిమిషం ఆగి, తోపుడుబండి తోసుకుంటూ ఆ మంచులో ముగ్గురు ఎటునుంచి వచ్చి ఉంటారా అని చుట్టూ చూడండి.